స్క్రీన్ మూలన ‘వైరస్ ఉంది’ అని పదే పదే వస్తోంది, ఫార్మాట్ చేయించక తప్పదా?

కొబ్బరాకు
మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్. మావారు కొబ్బరి వ్యాపారం లెక్కలు అందులోనే రాసుకుంటారు, మా అబ్బాయి కాలేజీ ప్రాజెక్టు అందులోనే చేసుకుంటాడు, నేను మీభూమిలో అడంగల్ చూసుకోవడానికీ బ్యాంకు పనులకూ వాడుతూ ఉంటాను. పది రోజుల క్రితం అబ్బాయి ఏదో పుస్తకం పీడీఎఫ్ కోసం వెతుకుతుండగా ఉన్నట్టుండి స్క్రీన్ అంతా ఎర్రగా మారి, సైరన్ మోత మొదలై, ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మీ కంప్యూటర్ లాక్ అయిందనీ, ఎదురుగా కనబడుతున్న నంబరుకు వెంటనే ఫోన్ చేయాలనీ చెప్పసాగింది. ఎంత కదిపినా మౌస్ బాణం కనబడలేదు. పక్క గదిలో పడుకున్న మా అత్తగారు ఆ మోతకు లేచి వచ్చారు. నేను ఫోన్ చేయలేదు గానీ, కంగారులో గోడ దగ్గర స్విచ్ కట్టేశాను.

మళ్ళీ ఆన్ చేస్తే అంతా మామూలుగానే ఉంది. అయితే అప్పటి నుంచి స్క్రీన్ కుడివైపు కింది మూలన పది నిమిషాలకొకసారి చిన్న పెట్టె ఒకటి పైకి లేచి ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, ఇప్పుడే శుభ్రం చేయండి’ అని ఇంగ్లీషులో చూపిస్తోంది. టౌనులో దుకాణం వారిని అడిగితే ఫార్మాట్ తప్పదన్నారు, మూడేళ్ళ యాంటీవైరస్‌తో కలిపి మూడున్నర వేలు అవుతుందన్నారు. డబ్బు సంగతి అలా ఉంచితే, నాలుగేళ్ళ లెక్కలు పోతాయేమోనని మావారి భయం. ఏం చేయమంటారు?

రాజోలు_మాష్టారు
ఫార్మాట్ మాట ఒక రోజు పక్కన పెట్టండమ్మా. ఆ పెట్టె మళ్ళీ లేచినప్పుడు దాన్ని నొక్కకుండా దగ్గరగా చూడండి. పెద్ద అక్షరాల కింద సన్నటి అక్షరాలలో మీ బ్రౌజర్ పేరూ, దాని పక్కన ఏదో ఒక సైటు పేరూ ఉంటే అది వైరస్ కాదు, ఆ సైటు పంపుతున్న నోటిఫికేషన్ మాత్రమే. కొన్ని సైట్లు ‘మీరు రోబోట్ కాదని తెలియాలంటే అలౌ నొక్కండి’ అని అడుగుతాయి. అది నొక్కామంటే మన ఇంటి గోడ మీద పోస్టరు అంటించుకోవడానికి వారికి మనమే అనుమతి ఇచ్చినట్టు. ఆ తరువాత సైటు మూసేసినా పోస్టర్లు ఆగవు.

క్రోమ్ అయితే కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనబడుతుంది. తెలియని పేర్లన్నీ తీసేసి, ఏ సైటూ ఇకపై నోటిఫికేషన్లకు అనుమతి అడగకుండా పైన ఉన్న ఎంపికను మార్చండి.

కొబ్బరాకు
మాష్టారూ, మీరు చెప్పినట్టే పెట్టె లేచే దాకా కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. సన్నటి అక్షరాలలో క్రోమ్ అని ఉంది, పక్కన అర్థం పర్థం లేని అక్షరాలతో ఒక సైటు పేరు ఉంది. జాబితాలో పదకొండు పేర్లు ఉన్నాయి, వాటిలో మాకు తెలిసినవి రెండే. తొమ్మిదీ తీసేశాను. గంటన్నర గడిచింది, ఒక్కటి కూడా రాలేదు. మరి ఆ ఎర్ర స్క్రీన్ సంగతి ఏమిటి? అదీ వైరస్ కాదా?

రావులపాలెం_సర్వీస్
పద్నాలుగేళ్ళుగా కంప్యూటర్లు బాగు చేస్తున్నాను, ఇదే ఫిర్యాదుతో నెలకు నలుగురైదుగురు వస్తారు. ఆ ఎర్ర స్క్రీన్ కూడా ఒక వెబ్ పేజీయే. అది స్క్రీన్ మొత్తం ఆక్రమించి, మౌస్ బాణాన్ని దాచి, శబ్దం వేస్తుంది, అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు. ఎస్కేప్ కీని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే సాధారణంగా పేజీ చిన్నదవుతుంది, అప్పుడు మూసేయవచ్చు. లొంగకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కాలి, అదీ పనిచేయకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయాలి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడుగుతుంది, వద్దనాలి. మైక్రోసాఫ్ట్ చూపించే నిజమైన హెచ్చరికలలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనబడిందంటే అది మోసమేనని తేల్చుకోవచ్చు. మీరు ఫోన్ చేయకపోవడమే మిమ్మల్ని కాపాడింది.

లంకవాసి
మా చిన్నాన్న ఫోన్ చేశారు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఒక సాఫ్ట్‌వేర్ ఆయన చేతనే వేయించి, ‘మీ రుసుము తిరిగి ఇస్తాం, బ్యాంకు సైటు తెరవండి’ అన్నాడట. నలభై వేలు పోయాయి. మా చెల్లెలు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడం వల్ల కొంత సొమ్ము అవతలి ఖాతాలోనే ఆగింది. ఆ నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది. తెల్లవారాక చూద్దామని పడుకున్నవారికి ఏమీ మిగలదు.

పాలకొల్లు_పద్దులు
ఇక్కడ అందరూ ఇది వైరస్ కాదని తేల్చేసి ఊరుకుంటున్నారు, అది సరికాదని నా అభిప్రాయం. ఈసారి కాకపోతే వచ్చేసారి వస్తుంది. నేను పదిమంది వ్యాపారుల పద్దులు చూస్తాను. డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఏడాదిలో రెండుసార్లు నిజమైన వైరస్‌ను పట్టుకుంది. లెక్కలు ఉన్న కంప్యూటర్‌కు ఏడాదికి వెయ్యి రూపాయలు ఖర్చు పెట్టడానికి వెనుకాడకూడదు.

కాకినాడ_కోడర్
పద్దుల వారితో నేను ఏకీభవించలేను. విండోస్ 10, 11లతో పాటే డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ వస్తుంది. దాన్ని ఆపకుండా, అప్‌డేట్లు అడ్డుకోకుండా ఉంచితే ఇంటి వాడకానికి సరిపోతుంది. ఇంకొక యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. ఆ కొన్న దానికి ఏడాది తరువాత గడువు తీరి, ఎవరూ పట్టించుకోక, కాపలా లేకుండా నడుస్తున్న కంప్యూటర్లను నేను బంధువుల ఇళ్ళలోనే చూశాను. పైగా రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడిపితే ఒకదాన్నొకటి అనుమానించుకుని యంత్రం నత్తనడక నడుస్తుంది.

పాలకొల్లు_పద్దులు
గడువు తీరినా చూసుకోకపోవడం వాడేవారి లోపం, సాఫ్ట్‌వేర్‌ది కాదు.

భీమవరం_గట్టు
నేను కంప్యూటర్ చదువుకున్నవాడిని కాదు, రొయ్యల సాగు చేస్తాను. కానీ వైరస్ అంటే మాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వచ్చి టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు మా నాన్నగారు మందుల దుకాణాల చుట్టూ తిరిగారు. ఆ వైరస్ చెరువులో పడ్డాక మందు లేదు, ఇప్పటికీ లేదు. అందుకే ఇవాళ వనామీ సాగులో మా కష్టమంతా గట్టు బయటే ఉంటుంది. సీడు, అంటే రొయ్య పిల్లలను, దించక ముందే వైరస్ ఉందేమోనని ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయిస్తాం, పీతలు పాకి రాకుండా గట్టు చుట్టూ వల కడతాం, పక్షులు వాలకుండా పైన దారాలు లాగుతాం, ఒక చెరువులో వేసిన వలను కడిగి ఆరబెట్టకుండా ఇంకొక చెరువులో వేయం.

మా ఇంటి కంప్యూటర్‌కూ అదే పాటిస్తున్నాను. డౌన్‌లోడ్ చేసే ప్రతి ఫైలూ నాకు సీడు లాంటిదే, ఏ హ్యాచరీదో తెలియనిదే చెరువులో దించను. జిరాక్సు దుకాణంలో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్ పక్క చెరువు వల లాంటిది, స్కాన్ చేయకుండా తెరవను. మందు కొనాలా వద్దా అని మీరు వాదించుకుంటున్నారు గానీ, నా చూపంతా పీత ఎటు నుంచి పాకుతుందన్న దాని మీదే.

రాజోలు_మాష్టారు
గట్టు గారూ, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినా ఇంత తేటగా చెప్పలేకపోయేవాడిని. పీతలు పాకే దారులు చూస్తే, ఇంటి కంప్యూటర్లలో అవి ఎక్కువ భాగం మన చేతితో మనమే తెరిచినవే.

పెళ్ళిఫొటో_తణుకు
ఆ దారిని నేనే తెరిచాను. రెండేళ్ళ క్రితం ఫొటోలు దిద్దే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, వెతికి దించుకున్నాను. వేసే ముందు యాంటీవైరస్‌ను ఆపమని అందులోనే రాసి ఉంది, క్రాకులన్నీ అలాగే అంటాయి కదా అని ఆపేశాను. రాత్రి భోజనానికి లేచి, తిరిగి వచ్చేసరికి ఫోల్డరులో పెళ్ళికూతురి ముఖం కనబడవలసిన చోట ఖాళీ తెల్ల కాగితం గుర్తులు వరసగా ఉన్నాయి. ప్రతి ఫైలు పేరు చివర నాలుగు కొత్త అక్షరాలు చేరాయి. ప్రతి ఫోల్డరులో ఒక రీడ్‌మీ ఫైలు ఉంది, తెరిస్తే 980 డాలర్లు అడుగుతోంది, 72 గంటల లోపు అయితే 490 అట. కాపీ ఉంచుకున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కూడా ఆ సమయంలో కంప్యూటర్‌కే తగిలించి ఉంది, దానిలోవీ పోయాయి. మూడు పెళ్ళిళ్ళ ఫొటోలు అవి. ఆ ఇళ్ళకు వెళ్ళి చెప్పిన రోజులు నేను మరిచిపోలేను.

రావులపాలెం_సర్వీస్
మీరు చెప్పిన గుర్తులను బట్టి అది స్టాప్ లేదా డీజేవియూ అని పిలిచే రాన్సమ్‌వేర్ రకం. అది ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడుగుతుంది, ప్రధానంగా క్రాకుల ద్వారానే వ్యాపిస్తుంది. మా వృత్తిలోని లోపం కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. ‘అన్నీ వేసి ఇవ్వండి’ అని కస్టమర్ అడగడం, తెలుగు డీటీపీ దగ్గర నుంచి ఆటల దాకా అన్నీ క్రాకులతో వేసి ఇవ్వడం ఏళ్ళ తరబడి మామూలైపోయింది. నేను మానేసి ఆరేళ్ళయింది. కొందరు కస్టమర్లు పక్క దుకాణానికి వెళ్ళారు, అయినా మళ్ళీ మొదలుపెట్టలేదు.

రాజోలు_మాష్టారు
తణుకు తమ్ముడూ, ఆ పాడైన ఫైళ్ళను చెరిపేయలేదు కదా? 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, కొన్ని భద్రతా సంస్థలు కలిసి ‘నో మోర్ రాన్సమ్’ అనే సైటు ప్రారంభించారు. కొన్ని రకాలకు తాళం చెవులు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. మీ రకంలో అందరికీ ఒకే చెవితో తాళం వేసిన సందర్భాలలో కొన్నిటికి ఫలితం వచ్చింది, ఒక్కొక్కరికి విడి చెవి వాడిన చోట రాలేదు. ఆ ఫైళ్ళను ఒక డిస్కులో పెట్టి దాచండి, ఏడాదికొకసారి ప్రయత్నించి చూడండి. డబ్బు మాత్రం కట్టవద్దు. కట్టినా చెవి ఇస్తారన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు.

పెళ్ళిఫొటో_తణుకు
దాచాను మాష్టారూ. కొత్త రకాల చెవులు వచ్చాయేమో ఈ వారమే మళ్ళీ చూస్తాను.

లేసుపార్కు
నర్సాపురంలో మాది లేసు ఎగుమతి. మాకు దారి ఈమెయిలు. విదేశం నుంచి ఆర్డరు వచ్చినట్టు ఉత్తరం, దానికి జతగా పర్చేజ్ ఆర్డర్ అనే ఫైలు, పక్కన పీడీఎఫ్ గుర్తు. మా దగ్గర పనిచేసే అమ్మాయి తెరవబోతూ, ‘అక్కా, ఎప్పుడూ వచ్చే పీడీఎఫ్ కంటే దీని పేరు పొడుగ్గా ఉంది’ అని పిలిచింది. పేరులో పీడీఎఫ్ తరువాత ఇంకొక చుక్క, ఆ తరువాత ఈఎక్స్‌ఈ ఉన్నాయి. ఆ చివరి ముక్క ఉంటే అది కాగితం కాదు, నడిచే ప్రోగ్రాము. దాన్ని విండోస్ మామూలుగా చూపించదట, మా అబ్బాయి అంతకు ముందు కనబడేలా మార్చి పెట్టడం వల్లే ఆ అమ్మాయి కంట పడింది.

కాకినాడ_కోడర్
ఆ ఎత్తు పాతదే గానీ ఇంకా పనిచేస్తోంది. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ‘ఐ లవ్ యూ’ ఇలాగే ప్రేమలేఖ టెక్స్ట్ ఫైలులా కనబడి, చివరి ముక్కలో స్క్రిప్టును దాచుకుంది. విండోస్ 11లో ఏదైనా ఫోల్డరు తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న దానికి టిక్ పెడితే చాలు, ప్రతి ఫైలూ తన పూర్తి పేరుతో కనబడుతుంది. అందరూ ఈ పూటే చేసుకోవలసిన పని ఇది.

హాస్టల్_గది_నాలుగు
కొబ్బరాకు ఆంటీ, మీ అబ్బాయికి తప్పకుండా చెప్పవలసిన ఇంకొక మోసం ఉంది. ‘నేను రోబోట్ కాదు’ అన్న పెట్టె వస్తుంది, నొక్కితే మూడు మెట్లు చూపిస్తుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్, వి కలిపి నొక్కండి, ఎంటర్ నొక్కండి అంటుంది. మనం పెట్టెను నొక్కిన క్షణంలోనే ఆ పేజీ ఒక కమాండ్‌ను కాపీ చేసి ఉంచుతుంది. మిగిలిన మూడు మెట్లతో ఆ కమాండ్‌ను మన చేతితో మనమే నడుపుతాం, కాబట్టి బ్రౌజర్ అడ్డుకోవడం కష్టం. మా పక్క గది స్నేహితుడు చేశాడు. స్క్రీన్ మీద ఏమీ జరగలేదు. మర్నాటి ఉదయానికి వాడి మెయిలు, వాడి గేమింగ్ ఖాతా రెండూ వేరేవాళ్ళ చేతిలో ఉన్నాయి. ఓటీపీ పెట్టుకున్నా ఆగలేదు.

రాజోలు_మాష్టారు
ఓటీపీ ఉన్నా ఆ దొంగతనం ఎందుకు ఆగలేదో కూడా చెప్పుకోవాలి. మనం ఒకసారి లాగిన్ అయ్యాక బ్రౌజర్ కుకీ అనే చిన్న గుర్తింపు చీటీని దాచుకుంటుంది, దానివల్లే మర్నాడు మళ్ళీ పాస్‌వర్డ్ అడగదు. దొంగిలించే ప్రోగ్రాములు సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు ఆ కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. అందుకని అలా జరిగినప్పుడు అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్ మార్చితే కొత్తది కూడా వారికే చేరుతుంది. వేరే ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయాలి. అటువంటప్పుడు మాత్రం ఫార్మాట్ చేయించుకోవడమే మేలు.

మండపేట_మిల్లు
సైటు పేరు పక్కన తాళం గుర్తు ఉంటే భయం లేదని మా కుర్రాడు అంటాడు. అది నిజమేనా?

రాజోలు_మాష్టారు
కాదండీ. మీకూ ఆ సైటుకూ మధ్య నడిచే మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే ఆ గుర్తు చెప్పేది. అవతలివాడు మంచివాడని చెప్పదు. మోసపు సైట్లు కూడా ఆ తాళం తెచ్చుకుంటాయి. జనం అపార్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ గుర్తును తీసి వేరే గుర్తు పెట్టింది.

మండపేట_మిల్లు
అప్‌డేట్లు కూడా నాకు బెడదగా ఉన్నాయి. ధాన్యం కాటా వేసే సమయంలోనే రీస్టార్ట్ అడుగుతుంది.

కాకినాడ_కోడర్
రాత్రి వేళకు మార్చుకోండి, ఆపవద్దు. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్‌లోని ఒక కన్నం గుండా వచ్చి లక్షల కంప్యూటర్లను పట్టేసినప్పుడు, ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకున్నవారు బయటపడ్డారు. బ్రౌజర్ సంగతి కూడా అంతే. రోజుల తరబడి మూయకుండా ఉంచితే వచ్చిన అప్‌డేట్ అమలులోకి రాదు, మూసి తెరిస్తేనే అమలవుతుంది.

లంకవాసి
మాది విండోస్ 10, ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్. 11 వేయడానికి కుదరదని చూపిస్తోంది. పారేయవలసిందేనా?

రావులపాలెం_సర్వీస్
విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది ఇస్తామన్నారు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో ఆ ఎంపిక ఉందేమో చూడండి. 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, దానితో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. దొడ్డిదారిన వేసి ఇస్తామనే దుకాణాలు ఉన్నాయి, బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌కు నేను అలా వేయను.

కాకినాడ_కోడర్
అటువంటి పాత యంత్రానికి విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లినక్స్ మింట్ చక్కగా సరిపోతుంది. బ్రౌజింగ్, ఉత్తరాలు, తెలుగు టైపింగ్ అన్నీ జరుగుతాయి, విండోస్ కోసం రాసిన వైరస్‌లు అందులో నడవవు.

రావులపాలెం_సర్వీస్
బ్రౌజింగ్ వరకే అయితే మీ మాట నిజం. వేలిముద్రల పరికరం, పాత ప్రింటరు, వ్యాపారపు లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్న ఇంట్లో నేను లినక్స్ వేసి ఇచ్చిన ప్రతిసారీ నెల తిరగకుండా వెనక్కి తెచ్చారు. ఎర్ర స్క్రీన్ మోసం, దొంగ బ్యాంకు సైటు లినక్స్‌లో కూడా అలాగే కనబడతాయి. లంకవాసి గారూ, మీ ఇంట్లో ప్రింటరు వగైరా లేకపోతే నిరభ్యంతరంగా వేయించుకోండి.

లంకవాసి
ఏమీ లేవు, పిల్లలు పాఠాలు వింటారు, నేను వార్తలు చదువుతాను. అయితే వేయించుకుంటాను. కాపీల విషయంలో నాదొక మాట. 2022 జూలై వరదలో మా ఇంట్లోకి నీరు వచ్చినప్పుడు కంప్యూటరూ, కాపీ ఉన్న హార్డ్ డిస్కూ ఒకే బల్ల కింద సొరుగులో తడిసిపోయాయి. పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు మిగిలాయంటే అమలాపురంలో మా అక్క ఇంట్లో ఉంచిన పెన్‌డ్రైవ్ వల్లే. వైరస్‌కైనా గోదారికైనా ఒక కాపీ వేరే ఇంట్లో ఉండాలి.

పెళ్ళిఫొటో_తణుకు
కాపీ చేయగానే డిస్కు తీసేయాలి. తగిలించి ఉంచిన డిస్కు కాపీ కింద లెక్క కాదు. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అనే చోట కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఉంటుంది, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. నేను ఇప్పుడు ఆన్ చేసుకున్నాను. తెలియని ప్రోగ్రాము ఫొటోల ఫోల్డరు జోలికి వస్తే ఆపుతుంది. మన సాఫ్ట్‌వేర్‌ను కూడా ఒక్కోసారి ఆపుతుంది, దాన్ని చూసి అనుమతి ఇవ్వాలి.

పాలకొల్లు_పద్దులు
కొన్న యాంటీవైరస్ మీద నా నమ్మకం మారలేదు, నా గడువు తేదీ కేలండరులో ఎర్ర సిరాతో రాసి ఉంది. కానీ తణుకు గారు రాసింది చదివాక మా ఆఫీసులో హార్డ్ డిస్కు వైపు చూస్తే ఆర్నెల్లుగా తగిలించే ఉంది. ఇప్పుడే తీసి బీరువాలో పెట్టించాను.

రాజోలు_మాష్టారు
కొబ్బరాకు గారూ, మీ ఇంటికి ముందుగా కావలసింది రెండు రకాల ఖాతాలు. ఇప్పుడు అబ్బాయి వాడుతున్నది అడ్మిన్ ఖాతా, అంటే అన్ని మార్పులకూ అధికారం ఉన్న ఖాతా, అయి ఉంటుంది. పాస్‌వర్డ్‌తో అడ్మిన్ ఖాతా ఒకటి వేరుగా ఉంచి, రోజువారీ వాడకానికి ముగ్గురికీ స్టాండర్డ్ ఖాతాలు ఇవ్వండి. వ్యవస్థ లోపలికి చొరబడవలసిన ప్రోగ్రాము ఏదైనా అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది.

రావులపాలెం_సర్వీస్
దానితో అంతా అయిపోయిందని మాత్రం అనుకోవద్దు. మన సొంత ఫైళ్ళను పాడుచేయడానికి అడ్మిన్ అనుమతి అక్కర్లేదు, కుకీలు ఎత్తుకుపోవడానికీ అక్కర్లేదు. అయినా ఒక క్షణం ఆగి చూసుకునే అవకాశం ఇస్తుంది కాబట్టి నేను కూడా అలాగే చేయమంటాను. అలాగే డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఒకసారి నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలవక ముందే పావుగంట సేపు వెతుకుతుంది. అప్పుడు నిజంగా ఏమైనా ఉంటే బయటపడుతుంది.

కొబ్బరాకు
మూడు రోజులుగా మీరంతా చెప్పినవి ఒక్కొక్కటే చేస్తూ వచ్చాను. ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఏమీ దొరకలేదు. మావారి లెక్కల ఫోల్డరు రెండు చోట్ల కాపీ చేశాం, ఒకటి మా బీరువాలో, ఒకటి ముక్తేశ్వరంలో మా ఆడపడుచు ఇంట్లో ఉంచాం. ప్రతి ఆదివారం మావారు కొత్త లెక్కలు బీరువాలోని డిస్కులోకి ఎక్కించి తీసేయాలని అనుకున్నాం. ఖాతాలు వేరు చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర ఉంచుకున్నాను.

నిన్న సాయంత్రం అబ్బాయి ‘అమ్మా, పాస్‌వర్డ్ అడుగుతోంది’ అని పిలిచాడు. ప్రాజెక్టు కోసం ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి, మొదట కనబడిన లింకు నుంచి దించుకున్నాడట. ఇద్దరం వెనక్కి వెళ్ళి చూస్తే ఆ లింకు పైన చిన్నగా స్పాన్సర్డ్, అంటే డబ్బు కట్టి వేయించిన ప్రకటన, అని ఉంది, సైటు పేరులో ఒక అక్షరం ఎక్కువ ఉంది. ఆ ఫైలు తీసేసి, తయారు చేసినవారి అసలు సైటు వెతికి దించుకున్నాం. ఏ హ్యాచరీ సీడో ఇప్పుడు తెలిసిందమ్మా అన్నాడు. ఈ చర్చ వాడూ చదువుతున్నాడన్న మాట. దుకాణం వారికి ఫార్మాట్ అక్కర్లేదని ఈ ఉదయమే ఫోన్ చేసి చెప్పేశాను.

భీమవరం_గట్టు
మీ అబ్బాయికి నా ఆశీస్సులు చెప్పండమ్మా.